లోర్వేనియా రాణికి మూడు రోజులు

"ఊరికే కూర్చోనుండావు గదా, ఇది రాసిపెట్టు" అని మా ఆయన కాగితాల కట్టను గడప లోపలి నుంచే వెనక వసారాలోకి విసిరాడు.

నెలలో ఆ మూడు రోజులే నాకు పొయ్యి, రోలు, బావి తప్పేది. వాటినీ లోర్వేనియాకు ఇచ్చేశారు. లోర్వేనియా ఎక్కడుందని పటంలో వెతకొద్దు. పాకాల జంక్షన్‌లో పార్సిల్ గుమాస్తా దొరస్వామి, అంటే మా ఆయన, బిస్కెట్ల డబ్బా మూత మీది మంచుకొండ బొమ్మ చూసి కట్టిన రాజ్యం అది. కోటలు, కుట్రలు, కత్తియుద్ధాలు, అన్నిటికీ మించి ఎలీసా రాణి. యుద్ధం వల్ల కాగితం కరువై మద్రాసు మాసపత్రిక సగానికి చిక్కిపోయినా అందులో వచ్చే ఈ లోర్వేనియా సీరియల్ మాత్రం ఆగలేదు. ఆయన రాత ఆయనకే అర్థం కాదు, అందుకని అచ్చుకు వెళ్లేది నా దస్తూరీ.

నిజం చెప్తాను. ఆ ఎలీసా అంటే నాకు ఒళ్లుమంట. కాగితం మనిషి మీద కుళ్లేమిటని నవ్వితే నవ్వండి. ఆవిడ మెట్లు దిగితే రాజు చెయ్యందిస్తాడు. "అలసిపోయావా దేవీ?" అంటాడు. పన్నెండేళ్ల కాపురంలో నన్ను ఆ మాట అడగని మనిషి, లేని ఆడదాన్ని పుటపుటకీ అడుగుతున్నాడు. పైగా దాన్ని నా చేతే రాయిస్తున్నాడు. సంగటి కాస్త గట్టిపడితే "గొడ్లకు పెట్టుపో" అని పళ్లెం తోసేసే మనిషికి దేవీ అన్న పిలుపు ఎక్కడ దొరికిందో! నిజం సవతి అయితే జుట్టు పట్టుకునేదాన్ని. దీన్ని ఎక్కడ పట్టుకోను?

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. బయట ఉన్నప్పుడు నేను ముట్టిన కాగితాల మీద నీళ్లు చల్లితే సిరా కారిపోతుంది. అందుకని మా అత్త రుక్మిణమ్మ, "ఎండలో పెట్టు, మైల పోతాది" అని తీర్పు చెప్పింది. నేనే కవరులో పెట్టి అంటిస్తాను. ఒక రోజంతా అది పిట్టగోడ మీద ఎండుతుంది. ఆ తర్వాతే ఆయన ముట్టుకుని మద్రాసు బండికి అందిస్తాడు. విప్పి చూసేవాళ్లు లేరు.

మాఘమాసంలో ఓసారి, నడుము పీకుతుంటే, కుళ్లు తలకెక్కింది. నువ్వు మాత్రం ఎందుకే హాయిగా ఉండాలి అనుకుని ఎలీసాను మూడు రోజులు కోట వెనక వసారాలో కూర్చోబెట్టాను. చాప, సత్తు పళ్లెం ఇచ్చి, దూరం నుంచి అన్నం పెట్టించాను. "రాజ్యం నాదే, గడప మాత్రం నాది కాదు" అని ఆవిడ చేత అనిపించాను. ఐరోపాలో ఆ ఆచారం ఉందో లేదో నాకేం తెలుసు? ఆడదన్నాక ఎక్కడైనా అంతేననుకున్నాను.

అచ్చయింది. "లోర్వేనియాలో వసారా యాడుండాదే? నా పరువు తీసినావు గదే!" అని ఆయన ఎగిరాడు. వారం తిరక్కుండానే పత్రిక నుంచి ఉత్తరాల మూట వచ్చింది. అన్నీ ఆడవాళ్లవే. చిత్తూరు నుంచి మునిరత్నమ్మ అనే ఆవిడ, "ఆ రాణి పక్కన నేనూ చాప వేసుకుని కూర్చుని ఏడ్చినాను" అని రాసింది. దాన్ని మా ఆయన, ఇంటికొచ్చిన స్టేషన్‌మాస్టరు కుప్పుస్వామికి చదివి వినిపించి, "ఆడోళ్ల మనసు కనిపెట్టాలంటే ఊరికే వస్తాదా అప్పా!" అన్నాడు.

"సరస్వతి నీ నాలిక మీదుండాదప్పా" అన్నాడు కుప్పుస్వామి. నేను ఇద్దరికీ కాఫీ అందించి లోపలికి వచ్చాను.

అంతవరకూ ఎలీసా మీద ఉన్న అసూయంతా ఆ పూట మా ఆయన మీదికి మళ్లింది. ఇది ఇంకా ఘాటుగా ఉంది. మునిరత్నమ్మ కూర్చున్నది నా చాప పక్కన. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆ ఉత్తరం నాకు రావాలి, నా పేరుతో రావాలి. నాకు ఇంత ఆశ ఉందని ఆ రోజు వరకూ నాకే తెలియదు.

మరుసటి నెల కట్ట విసురుతూ, "అట్లాంటివి ఇంకో నాలుగు కలుపు. ఎవురికీ చెప్పబాక" అన్నాడు. కొంచెం మెత్తగానే అన్నాడు.

మూడు రోజులూ తల ఎత్తకుండా రాశాను. నాలుగో రోజంతా కవరు ఎండింది. ఐదో రోజు పొద్దున ఆయన దాన్ని చంకలో పెట్టుకుని స్టేషనుకు బయల్దేరుతూ, "బాగా రాసినావా?" అని అడిగాడు.

"రాసినాను" అన్నాను.

అందులో లోర్వేనియా ఒక్క పుట కూడా లేదు. పాకాలలో ఉండే ఒక గుమాస్తా భార్య కథ ఉంది. పైన, రచయిత పేరు ఉండాల్సిన చోట, వసంతమ్మ అని ఉంది.