బొంతకు సరిపడా నేల

"ఈసారి ఎవరికమ్మా? మనవరాలికా?" అని అడిగాడు బట్టల కొట్టాయన, ఆవపువ్వు రంగు తాను విప్పుతూ.

"నాకు," అన్నాను.

ఆయన చేతిలో మీటరు కర్ర ఆగిపోయింది. ఆగదూ మరి? ఇన్నేళ్లుగా ఆ కొట్లో కాటన్ గుడ్డలు ఏరుకుంటున్నాను. ఆడపడుచుకో బొంత, మరిదికో బొంత, కోడలికో బొంత కుట్టి పెట్టాను. ఆడపడుచు మాసిపోతుందని బీరువాలో దాచింది, ఇప్పటికీ మడత విప్పలేదు. మరిది కారు వెనక సీటులో పరిచి కుక్కను పడుకోబెట్టాడు. పోనీలే, కుక్కకైనా దాని విలువ తెలిసింది. నాకంటూ మాత్రం ఒక్కటీ లేదు.

కొట్టాయన కింది అరలోంచి ముదురు నీలం తీశాడు. పక్కన ఎరుపు పెట్టమన్నాను. ఎరుపును నేను చచ్చినా నమ్మను. రుమాలు తడిపి గట్టిగా రుద్ది, రంగు అంటలేదని చూసుకున్నాకే చింపమన్నాను. "మీ ముందు గుడ్డ కూడా అబద్ధమాడలేదమ్మా," అని నవ్వాడు.

ముక్కలు కోసి, జత చేసి, పైపొర కుట్టేసరికి చలి మొదలైంది. ఇక అసలు పని మిగిలింది. బొంతంటే మూడు పొరలు. కింద ఒక గుడ్డ, మధ్యలో దూది, పైన ముక్కల గుడ్డ. మూడింటినీ ఖాళీ నేల మీద ముడత లేకుండా పరిచి, పొరలు కదలకుండా మధ్య నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటూ పోవాలి. మంచం మీద వేస్తే కింద గుడ్డ ఉండచుట్టుకుంటుంది. బల్ల చాలదు. మా ఇంట్లో అంత నేల హాల్లోనే ఉంది.

ఆ హాల్లోకి మా ఆయన సోఫా తెచ్చాడు. నన్నొక్క మాట అడగలేదు. నేను దారపు ఉండలు కొనుక్కుని వచ్చేసరికి అది హాలంతా ఆక్రమించి, ఏనుగు పడుకున్నట్టు పడుకుని ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు, దాని మీద చేత్తో చరుస్తూ.

"నేనెక్కడ పరుచుకోవాలి?"

"ఏం పరుస్తావు?"

"బొంత. నాకోసం కుట్టుకుంటున్నాను."

"నీకెందుకే? ఇంట్లో దుప్పట్లు లేవా?" అని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి, "ఎక్కడైనా సర్దుకో," అన్నాడు.

సర్దుకో అంటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో ఆ మాట నాకు తప్ప ఇంకెవరికీ చెప్పగా వినలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదని మా అమ్మ అనేది. ఊరుకుని ఊరుకుని ఆవిడేం బావుకుందో నేను చూశాను.

మర్నాడు సోఫాను ఒంటరిగా తోసి చూశాను. నడుం పట్టేసింది గానీ అది కదల్లేదు.

నెలకోసారి మా కుట్టు జట్టు ఎక్కడికైనా వెళ్తుంది. నర్సమ్మ, టీచరమ్మ, మరీ సన్నగా ఉంటుందని మేం గుండుసూది అని పిలిచే మా తమ్ముడి భార్య. తింటాం, ఇంట్లోవాళ్లను ఆడిపోసుకుంటాం, ఇళ్లకొస్తాం. ఈసారి పార్కు అనుకున్నాం. వాళ్లు టిఫిన్ డబ్బాలతో వచ్చారు. నేను మూడు పొరలూ చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని వచ్చాను.

"వదినా, పరుపు చుట్టతో సహా ఎవరితో లేచిపోతున్నావ్?" అంది గుండుసూది.

"నేల దొరికితే చాలు, దాంతోనే పోతాను," అన్నాను.

పార్కు మధ్యలో నున్నటి గచ్చు అరుగు ఉంది. ఊడ్చి పరిచాం. గాలికి అంచులు లేవకుండా నాలుగు మూలలా డబ్బాలు పెట్టి, తలో వైపు మోకాళ్ల మీద కూర్చున్నాం. కాపలా అతను ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ బట్టలు ఆరేయకూడదమ్మా!"

"ఆరేయట్లేదు బాబూ, కుడుతున్నాం."

"కుట్టకూడదు కూడా."

"బోర్డు మీద రాసుందా?" అంది టీచరమ్మ. పాపం, వెళ్లి చదివొచ్చాడు. పూలు కోయరాదని ఉంది, ఉమ్మరాదని ఉంది. కుట్టరాదని లేదు. నర్సమ్మ ఇచ్చిన అరటిపండు తింటూ అక్కడే నిలబడి చూశాడు.

సగం టాకాలు పడ్డాయో లేదో, మా ఆయన తన వాకింగ్ స్నేహితులతో అటే వచ్చాడు. నన్ను చూసి మొహం కందగడ్డయింది.

"ఏమిటే ఇది, నలుగురిలో? పరువు పోతోంది. లే, ఇంటికి పద."

"ఇంట్లో నేలేదీ?"

నన్ను లేపుదామని ముందుకొచ్చాడు. బూటు పసుపు ముక్క మీద పడబోయింది.

"బూటు తీయండి!"

పార్కంతా వినపడేలా అరిచాను. అలా అరవడం నాకూ కొత్తే. అయినా సూది ఆపలేదు. ఆయన కాలు గాల్లోనే ఆగి వెనక్కి పోయింది.

స్నేహితుల్లో ఒకాయన గొంతు సవరించుకుని, "సోఫా కొన్నానని చెప్పావు గానీ, నేల అమ్మేశానని చెప్పలేదేమోయ్?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. మా ఆయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. పొద్దు వాలేసరికి టాకాలు పూర్తయ్యాయి.

టాకాలు పడ్డాక బొంతకు నేలతో పని లేదు. ఒళ్లో పెట్టుకుని వంటింటి స్టూలు మీదే సన్నకుట్టు పూర్తి చేశాను. అన్నాళ్లూ ఆయన అటు తొంగి చూడలేదు. అంచు కుట్టేసిన రోజు మాత్రం వచ్చి తడిమి చూశాడు.

"బాగుందే! సోఫా మీద వేద్దాం. వచ్చినవాళ్లు చూస్తారు."

"అలాగే వేద్దాం," అన్నాను.

ఆదివారం పొద్దున ఆయన పేపరు పట్టుకుని హాల్లోకొచ్చేసరికి, సోఫా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కాళ్లు బారచాపి, బొంత మెడదాకా కప్పుకుని నేను పడుకుని ఉన్నాను.

"మరి నేనెక్కడ కూర్చోను?"

"ఎక్కడైనా సర్దుకోండి."

నా కాళ్ల దగ్గర చోటుందేమో చూశాడు. తర్వాత సోఫాకూ టీవీకీ మధ్య మిగిలిన సందులో, మోకాళ్లు ముడుచుకుని చతికిలబడ్డాడు. పేపరు విప్పడానికి కూడా చోటు చాల్లేదు.

"నేల ఇంత చల్లగా ఉందేమిటే?" అన్నాడు.

"ఎప్పుడూ అంతే," అన్నాను.

బొంత అంచు కోసం చెయ్యి చాచాడు. నేను దాన్ని కాళ్ల కిందికి లాక్కుని పడుకున్నాను.