కర్మన్‌ఘాట్ మీదుగా క్యాంపింగ్

ఒక్క రాత్రి టెంటులో పడుకోవడానికి ఇంత సామానా అని శ్రీనివాస్ ఒకటే నవ్వు. నవ్వడానికేం, సర్దేది ఆయన కాదు కదా! భార్య యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ అంతా కాళ్లు పీకేలా తిరిగి టార్చిలైటు, ప్లాస్టిక్ చాపలు, దోమల మందు, రెయిన్‌కోట్లు కొనుక్కొచ్చింది. ఎల్బీనగర్ ఇంట్లో ముందుగది నిండా సంచులే. అడుగు పెట్టే చోటు లేదు.

శ్రీనివాస్ ఆఫీసువాళ్లు కుటుంబాలతో కలిసి ఊరి బయట చెరువు గట్టున క్యాంపింగ్ పెట్టుకున్నారు. పెళ్లిళ్లకో చావులకో తప్ప ఈ ఇంటివాళ్లు బయట రాత్రి గడిపిందే లేదు. పదో తరగతి చదివే కూతురు జ్యోతికకైతే వారం నుంచి కాలు నేల మీద నిలవడం లేదు.

అత్త అండాలమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. ముందు కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోవాలి. అందరూ లోపలికెళ్లి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకుని, ఆ తర్వాతే కదలాలి. ఆ ఇంట్లో ఏ కొత్త పనైనా అలాగే మొదలవుతుంది. అంటే ముట్టయిన ఆడది ఆ ప్రయాణానికి లేనట్టే. ఆ మాట అండాలమ్మ నోటితో అనదు, అనాల్సిన అవసరం రాకుండా కోడలే చూసుకుంటుంది.

ఎలా చూసుకుంటుందంటే, మాత్రతో. జాతరైనా, వ్రతమైనా, మరిది పెళ్లైనా, ముందుగా తారీకు చూసుకుని మందుల దుకాణంలో గొంతు తగ్గించి అడిగి తెచ్చుకుంటుంది. నెలసరి వెనక్కిపోతుంది, ఒళ్లు హూనమవుతుంది. బిడ్డ నోట్లో మాత్రం అది పడనివ్వనని ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు జ్యోతిక తారీకు సరిగ్గా ప్రయాణం రోజే పడింది.

చాపలు చుడుతూనే మొగుడితో సంగతి చెప్పింది. శ్రీనివాస్ తల గోక్కున్నాడు. అమ్మతో లొల్లి ఎందుకు, పిల్లను ఇంట్లో ఉంచి ఇంకోసారి తీసుకుపోదాం అన్నాడు. సంచిలోంచి ఒక చాప తీసేసినంత తేలిగ్గా అన్నాడు. యాదలక్ష్మికి ఒళ్లు మండింది.

"పోతే అందరం పోతం. గుడికాడ నేను, బిడ్డ కార్ల కూసుంటం. లేదంటే నేను గూడ రాను, మీరే పోండ్రి."

ఇన్నేళ్లలో ఆమె గొంతు అంత గట్టిగా ఆయన వినలేదు. సరే, అమ్మకు నేనే చెప్తానన్నాడు.

గెలిచిన సంబరంతో యాదలక్ష్మి జ్యోతిక బ్యాగు సర్దడానికి కూర్చుంది. బట్టల మధ్య ప్యాడ్లు పెడుతుంటే పిల్ల తీసి పక్కన పడేసింది.

"అవెందుకమ్మా? నాకు రాదు. మొన్నటి సంది టాబ్లెట్ ఏసుకుంటున్న."

యాదలక్ష్మి చేతులు ఆగిపోయాయి. "ఎవరిచ్చిండ్రే? నానమ్మనా?"

"ఎవరియ్యలే. నీ బీరువల ఉంటయి గద. నువ్వు ఏసుకునుడు చిన్నప్పటి సంది చూస్తున్న."

యాదలక్ష్మికి కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. ఇక వేసుకోవద్దు, కారులోనే కూర్చుందామని బతిమాలింది. బయట కూర్చుంటే ఎందుకో అందరికీ తెలిసిపోతుంది, నాకు సిగ్గు అని పిల్ల మొండికేసింది. సంగతి తెలిసి శ్రీనివాస్ హమ్మయ్య అనుకున్నాడు. తల్లితో మాట్లాడే బాధ తప్పింది కదా మరి.

తెల్లారి గుడి ముందు కారు ఆగగానే అందరికంటే ముందు జ్యోతిక దిగింది. ముఖం పాలిపోయి ఉంది. నానమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించింది.

"నీ బిడ్డకు మంచి బుద్ధులు నేర్పినవ్ యాదలక్ష్మి" అని అండాలమ్మ వెనక్కి తిరిగి మెచ్చుకుంది.

పరుగున పోయి పిల్లను వెనక్కి లాక్కోవాలనిపించింది యాదలక్ష్మికి. కానీ కొబ్బరికాయల సంచి పట్టుకుని వాళ్ల వెనకే నడిచింది.