కత్తెరకు చిక్కిన పడవవాడు

కుట్టింది మళ్ళీ విప్పి కుట్టే అలవాటు మా దర్జీకి పుట్టుకతోనే లేదు. విప్పగా చూశానని ఎవడైనా అంటే తీసుకురండి, నా మీసం గొరిగించుకుంటాను.

అలాంటి మనిషికి నవల రాసే పిచ్చి పట్టింది. సాయంత్రాలు భార్య కాజాలు కుడుతూ కూర్చుంటే, మిషను మీద కాగితాలు పరుచుకుని చదివి వినిపించేవాడు. కథలో పడవవాడు వరదలో అవతలి ఒడ్డుకు బయల్దేరాడు. బయల్దేరి నెలలైనా ఏటి మధ్యే ఉన్నాడు. దర్జీ నాలుగు వాక్యాలు ముందుకు రాయబోయేసరికి మొదటి అధ్యాయంలో ఏదో ముడత కనిపించేది. వెనక్కి పరుగెత్తేవాడు. పడవవాడికి మీసం పెట్టేవాడు, తీసేసేవాడు. వాడి అత్తగారిని చంపేవాడు, జాలేసి బతికించేవాడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది.

ఒకరోజు పొద్దున్నే భార్య పట్టుకుంది.

"ఏవండీ, ఇంతకీ వాడు ఒడ్డెక్కాడా లేదా?"

"ఎక్కుతాడే. ముందు వాడి అత్తగారి సంగతి తేలనీ."

"ఆవిడ సంగతి నాకెందుకు? సాయంత్రం బస్సుకి చెల్లెలింటికి పోతున్నా. దాని కూతురికి పురుడయ్యి నేనెప్పుడొస్తానో! బస్సెక్కేలోగా చెప్పలేదో, వాణ్ణి నేనే ముంచేస్తా. ఇక మీ కథ వినను కూడా."

ఆ నవల వినే మనిషి లోకంలో ఆవిడొక్కతే.

నిజానికి ఒడ్డెక్కే ఘట్టం రాసే ఉంచాడు. కాగితం దండగని మొదటి అధ్యాయం వెనకవైపే రాశాడు. తీసి చదవబోయాడు. చదివేముందు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అత్తగారి పేరా చూశాడు. చెయ్యి ఊరుకోలేదు. కత్తెర తీసి ఆ పేరా కర్రున కోసి పారేశాడు. గుడ్డకు మంచివైపు ఒకటే ఉంటుంది. కాగితానికి రెండూ మంచివైపులేనని ఆయనకు తట్టలేదు.

భోజనమయ్యాక తిరగేసి చూసుకుంటే పడవవాడి చోట కన్నం. పీలికలన్నీ భార్య అప్పటికే ఎవరో కుట్టమని ఇచ్చిన దిండులో కూరి కుట్టేసింది.

"ఏమే, ఆ దిండు విప్పు! పడవవాడు అందులో ఉన్నాడు!"

"ఉంటే మెత్తగానే ఉంటాడు. దిండుగలావిడ ఇందాకే పట్టుకెళ్ళిపోయింది. కాగితం లేకపోతే నోరు లేదా? చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాడు. "అలలు ఇంతెత్తున లేచాయి... అన్నట్టు మొదట్లో వాడికి..."

"మొదట్లోకి పోయారంటే సూది గుచ్చుతా! కోటుకి చేతులే పెట్టకుండా కాలరు ఎన్నిసార్లు విప్పుతారు? టాకాలేసుకుంటూ, వదులు కుట్లతోనే ముందుకు నడవండి. ఒంటి మీద వేసి చూశాక విప్పుకోవచ్చు."

నడిచాడు. పడవ బోల్తా పడింది, తెడ్డు విరిగింది, వాడు ఈదుకుంటూ ఒడ్డెక్కి మీసం పిండుకున్నాడు.

"నిన్న వాడికి మీసం లేదుగా?"

"టాకా వేసుకోవే. తర్వాత చూద్దాం."

ఆవిడ పకపకా నవ్వి సంచీ అందుకుంది. "ఇంతకీ అత్తగారు బతికుందా?" అంటూనే వీధిలోకి దిగింది.

ఆవిడ మలుపు తిరిగిందో లేదో, దర్జీ చెయ్యి మొదటి అధ్యాయం వైపు పోయింది. పోయిన చేతిని రెండో చేత్తో లాక్కొచ్చి, కొత్త కాగితం మీద ఒడ్డు రాశాడు. ఒకవైపే రాశాడు.

విప్పే అలవాటే లేదన్నాను కదూ? ఆయన కుట్టిన తొలి చొక్కాకు రెండూ ఎడమచేతులే. విప్పీ విప్పీ వేళ్ళు కాయలు కాశాయి. పందేనికి నాకేం భయం, అసలు మీసముంటేగా!

మిగతాదంతా జరిగిందే. దిండొక్కటే నేను కల్పించాను. ఆ పీలికలు మామూలుగా చీపురుకి ఊడ్చుకుపోయాయి. అంత ఏరు ఈదినవాణ్ణి చెత్తబుట్టలో వదలడానికి మనసొప్పలేదు.