తోమిన బోర్డు

మా అమ్మ పేరు చిన్నక్క. చేతికి ఏది దొరికినా తోమి పెట్టేస్తుంది. మొన్న ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి, నా భార్య జాయ్ ట్యూషన్ చెప్పే తెల్లబోర్డును బూడిదా కొబ్బరిపీచూ వేసి అంట్లగిన్నె తోమినట్టు తోమేసింది. తెల్లగా ఉంటే మేమూ మెచ్చుకున్నాం.

సోమవారం సాయంత్రం తెలిసింది అసలు సంగతి. జాయ్ రాసిన తెలుగు పాఠం ఎంత తుడిచినా పోలేదు. బోర్డు నునుపంతా పోయి, గీతల్లో సిరా ఇంకిపోయింది. దాని మీదే లెక్కలు రాస్తే పిల్లలకు పాతదేదో కొత్తదేదో తెలియలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. మా ఊరు ముదిగుబ్బలో ట్యూషన్లకేం కరువా? ఇట్లాగే ఉంటే పిల్లలు ఇంకోచోటికి పోతారు.

"తోమమని నీకెవరు చెప్పినారమ్మా?" అని అరిచాను. అమ్మ మర్నాడు మధ్యాహ్నం దాకా అన్నం కూడా ముట్టలేదు.

జాయ్ నన్ను కసిరి, కొత్త మార్కర్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "అత్తా, ఈ పాత రాతల మింద దీంతో దిద్దు. ఆరకముందే నేను తుడుస్తా. కొత్త సిరాతో పాటు పాతదీ వచ్చేస్తాది."

"నాకు రాసేది యాడ వస్తాది పాపా?"

"ఆడుండేదాని మిందనే పోనీ."

బడి గడప తొక్కని మా అమ్మ ఒక అక్షరం దిద్దింది. జాయ్ తుడిచింది. నిజంగానే పోయింది! అమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంక ఆగుతుందా? ప్రతిదీ అడిగి మరీ దిద్దింది.

"ఇదేంది?"

"న."

"ఈడింకోటి ఉండాది సూడు, న!"

అంత శ్రద్ధ నేను ఏ బడిలోనూ చూడలేదు. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

బోర్డంతా ఖాళీ అయ్యాక, నా మెకానిక్ షాపులో బండ్లకు పట్టించే పాలిష్ తెచ్చి రుద్దాం. పొడిగుడ్డతో తుడిచేసరికి నున్నగా తేలింది. పిల్లలు వచ్చే వేళయింది.

"చెరుగుతాదో లేదో సూడల్ల. ఏమన్నా రాయత్తా," అంది జాయ్.

ఈసారి దిద్దడానికి కింద ఏ రాతా లేదు. అమ్మ మార్కర్ మూత తీసింది. తర్వాత, వంకరగానే అయినా, ఇంత పెద్ద 'న' రాసింది.

జాయ్ డస్టర్ ఎత్తి ఆగిపోయింది. తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా పరిస్థితీ అంతే.

"ఏమప్పా, ఇద్దరూ అట్ల సూస్తాండారు? తుడువు పాపా, పిల్లోల్లు వస్తాండారు," అంది అమ్మ. "మళ్ళా రాస్తాలే."