ఐదు మార్కుల చెయ్యి

సోమవారం ఉదయం ఆమె పెరట్లో కూర్చుని బండి చక్రాలకు అంటిన బురద కడుగుతోంది. ఇదయ్యాక భర్త ప్యాంటు నానబెట్టాలి, అత్తగారి మోకాలికి కాపడం పెట్టాలి, తొమ్మిదింటికల్లా పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ కుర్చీలో నవ్వుతూ కనపడాలి. ఒకసారి గడ్డానికి ప్లాస్టరుతో వెళితే, "పేషెంట్లు నిన్ను చూసి జడుసుకుంటారమ్మా, వెనక గదిలో ఫైళ్ళు సర్దుకో" అన్నాడు డాక్టరు. ఆటలో ఓడినవాళ్ళకు మర్నాడు సెలవు ఉండదు. గెలిచిన ఆడవాళ్ళకూ ఉండదనుకోండి, అది వేరే సంగతి.

అది ట్రయల్స్ బండి, రాళ్ళ మీద పోటీలకని చేసిన మోటారుసైకిలు. తేలిగ్గా, సన్నగా ఉంటుంది, సీటు ఉండదు, మొత్తం నిలబడే నడపాలి. "కూర్చోడానికి లేని బండి ఎందుకే నీకు? పొద్దస్తమానం ఇంట్లో నించునేది చాలట్లేదా?" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది మొదటిరోజు. ఆ మాటకు అత్తాకోడళ్ళిద్దరూ పడీపడీ నవ్వుకున్నారు కూడా.

ఈ ఆటలో వేగంతో పనిలేదు. అటూ ఇటూ రిబ్బన్లు కట్టిన రాళ్ళ దారిలో కాలు కింద పెట్టకుండా బండిని దాటించాలి. కాలు పెడితే ఒక తప్పు మార్కు, బండి పడితే ఐదు. ఎవరికి తక్కువ పడితే వాళ్ళు ముందు. ఎత్తు బండల దగ్గర ప్రాణం మీదికొస్తే ఆదుకోవడానికి పక్కన ఒకరు నడవొచ్చు. ఇక్కడి ఆటగాళ్ళు అతన్ని 'మనిషి' అంటారు. "నీ మనిషెవరు?" అని అడిగి ఫారంలో రాసుకుంటారు. కానీ ఆ మనిషి బండిని ముట్టుకున్నాడంటే పడ్డట్టే లెక్క, అదే ఐదు. నాలుగేళ్ళుగా ఆమె మనిషి ఆమె భర్తే. నడుం దెబ్బతిని తను ఆడటం మానేశాక ఆమెకు క్లచ్ మీద వేలు ఆనించడం నేర్పింది కూడా అతనే.

నిన్న పోటీలో చివరి రాళ్ళ దారికి వచ్చేసరికి ఆమెకు పడ్డవి రెండే మార్కులు. ఆఖరి బండ మీదికి ముందు చక్రం ఎక్కింది. వెనక చక్రం కాస్త జారింది, ఆమె బరువు వెనక్కి వేసింది, చక్రం రాయిని పట్టింది. సరిగ్గా అప్పుడు హ్యాండిల్ మీద అతని చెయ్యి పడింది. జడ్జి పిడికిలి ఎత్తాడు. పిడికిలంటే ఐదు.

"నా చెయ్యి ఆగలేదే! నీకేమన్నా అయితే నేనేమైపోవాలి?" అన్నాడతను, కళ్ళనీళ్ళతో. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె భుజం తట్టి ఎంత అదృష్టవంతురాలివో అన్నారు. ఆమె మూడో స్థానంలోంచి నాలుగుకు జారింది. రెండు పోటీలూ కలిపి మొదటి ముగ్గురినే జాతీయ జట్టు శిక్షణకు మూడు నెలలు పంపిస్తారు. రెండోది వచ్చే ఆదివారం. ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఇంకో ఏడాది ఆగమని ఎవరు చెప్పినా ఆమె ఒళ్ళు వినదు. అయినా దారంతా తనే అతన్ని ఊరడించింది. ఇంటికొచ్చి, పాపం దిగులుగా ఉన్నాడని, బట్టలైనా మార్చుకోకుండా వేడివేడిగా టీ పెట్టిచ్చింది.

కాపడం పెడుతుంటే అత్తగారు జాలిగా అంది. "పోనీలే అమ్మాయ్, బాధపడకు. మూడు నెలలు నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుందా అని నేను బెంగపెట్టుకుంటే వాడే ధైర్యం చెప్పాడు. 'అది వెళ్ళదులేమ్మా, నేను చూసుకుంటాగా' అన్నాడు."

"ఎప్పుడన్నాడు అత్తయ్యా?"

"శనివారం. మీరు ఆ రాళ్ళన్నీ చూసొచ్చారే, ఆ సాయంత్రం."

ఆమె చేతిలో గుడ్డ చల్లారిపోయింది. పోటీకి ముందురోజు దారిని కాలినడకన చూసుకోనిస్తారు. శనివారం ఇద్దరూ ఆ ఆఖరి బండ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "నీకెక్కడ భయంగా ఉంది?" అని ఎంత మెత్తగా అడిగాడు! పెళ్ళైన పదకొండేళ్ళలో ఆ ప్రశ్న అతను అడిగింది ఈ రాళ్ళ మధ్యే. అందుకే ఆమెకు ఈ ఆటంటే అంత ఇష్టం కాబోలు. "ఇక్కడ వెనక చక్రం జారుతుంది. జారినా పట్టేస్తుంది, నువ్వు కంగారుపడకు" అని బండ మీద వేలు పెట్టి మరీ చూపించింది. అమ్మకు చెప్పని భయం, అద్దంలో తనకు తాను ఒప్పుకోని భయం, నమ్మి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని జాగ్రత్తగా దాచుకుని, రేపు చెయ్యి ఎక్కడ వెయ్యాలో తెలుసుకున్నాడు. వద్దంటే పోయేది. "వెళ్ళొద్దు, నాకు కష్టం" అని మొహం మీద అంటే పోట్లాడేది, ఏడ్చేది, నెగ్గేదో ఓడేదో. ప్రేమ పేరు పెట్టి వెన్నుపోటు పొడిచాడు, పైగా ఆమె చేతే ఓదార్పు చేయించుకున్నాడు. ఆ టీ తలుచుకుంటే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ మండింది.

అతను వంటింట్లో టిఫిన్ కోసం ఎదురుచూస్తున్నాడు.

"నిన్న నేను పడబోయానని పట్టుకున్నావు కదా?"

"మళ్ళీ అదేనా? అవును, పడబోయావు."

"మరి నేను వెళ్ళనని అత్తయ్యకి మొన్నే ఎలా చెప్పావు?"

అతను పళ్ళెం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "అమ్మకేం తెలుసు, ఏదో అంటుంది" అన్నాడు. తర్వాత, "మూడు నెలలంటే మాటలా?" అన్నాడు. ఆఖరికి గొంతు తగ్గించి, "ఈసారి ముట్టుకోను, ఒట్టు. ఫారం ఇవ్వు, సంతకం పెడతా" అన్నాడు.

ఆమె బ్యాగులోంచి ఫారం తీసింది. 'మనిషి' అన్న చోట అడ్డంగా గీత కొట్టింది. మనిషి లేకుండా ఆడితే దెబ్బలకు బాధ్యత తనదేనని కింద రాసుంది. అక్కడ సంతకం చేసింది.

"పిచ్చా నీకు? ఆ బండ మీంచి పడితే?"

"పడితే ఐదు. నువ్వు పట్టుకున్నా ఐదే" అంది ఆమె, ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ. "పడితే మాత్రం ఆ ఐదూ నావి."