గేటత్త లైను

పొద్దున్నే లేవగానే గేటత్త చేసే మొదటి పని, లైను ఎక్కడుందో చూసుకోవడం. ఒక్కోరోజు రైలుగేటు దగ్గరే, దాని చోట్లో అది బుద్ధిగా ఉంటుంది. ఒక్కోరోజు దొడ్లో, బట్టలారేసే తీగ కింద పడుంటుంది. ఆవేళ గడప దాటి వంటింట్లోకొచ్చి, పొయ్యి పక్కన పట్టాలు రెండూ బారజాపుకుని ఉంది.

"పనిలేని మగాడిలా ఎక్కడ పడితే అక్కడ కాళ్ళు జాపుతావు," అని తిట్టి, స్లీపర్ల మధ్య ఊడ్చి, టీ పెట్టుకుంది.

గని నడిచినన్నాళ్ళూ అది ఇలా ఉండేది కాదు. బొగ్గు కోసమే వేశారు దాన్ని, గని దగ్గర్నుంచి పెద్ద స్టేషన్ దాకా. వ్యాగన్లు పోతుంటే ఇళ్ళల్లో గిన్నెలు గలగలలాడేవి. ఉతికిన బట్ట ఆరేలోపే నల్లబడేది. తర్వాత గనిలోకి నీళ్ళొచ్చాయి. తోడారు, తోడారు, ఇక మావల్ల కాదని మూసేశారు. ఇంజన్ని పట్టుకుపోయారు. స్టేషన్లో గడియారాన్ని కూడా మేకుతో సహా పీక్కుపోయారు. పని అయిపోయిందని లైనుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళు ఉన్నచోటే ఉండి చూసింది. ఆపైన తిరగడం మొదలెట్టింది.

గేటు కాసే మొగుడు పోయాక, సగం కూలిన గేటుగదీ, ఈ లైనూ మిగిలాయి ఆవిడకి. అది ఎవరింట్లో దూరినా ఆవిడకే కబురు.

"అత్తా, మీ లైను మా టమాటా మొక్కలన్నీ తొక్కేస్తోంది!"

"నాదేంటే? కంపెనీది. పోయి కంపెనీనడుగు," అంటూనే వెళ్ళేది. మొగుడి ఎర్రజెండా చూపిస్తే ఎక్కడిదక్కడ ఆగిపోయేది. అప్పుడు నలుగురూ గడ్డపారలేసి జరిపేవాళ్ళు.

ఇన్నాళ్ళకి పట్నంలో ఒక హాస్టల్ వంటగదిలో పని దొరికింది. "సోమవారం పొద్దున్నకి రావాలి. రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం," అని వార్డెనమ్మ తేల్చి చెప్పింది. గేటత్త నాలుగు బట్టలు మూట కట్టుకుని, గురువారమే బస్సెక్కింది.

ఊరు దాటారో లేదో, లైను రోడ్డుకడ్డంగా పడుకుంది. కాపలా లేని గేటంటే రూలు రూలే. బస్సాగాలి, కండక్టరు దిగాలి, అటూ ఇటూ చూడాలి, విజిలెయ్యాలి. వేశాడు. దాటారు. మలుపు తిరిగేసరికి మళ్ళీ లైను. మళ్ళీ దిగాడు. మధ్యాహ్నమైనా వెనక ఊళ్ళో నీళ్ళట్యాంకు కనపడుతూనే ఉంది.

"అత్తా, నీకు దణ్ణం పెడతాను, దిగిపో. ఎక్కీ దిగీ నా మోకాళ్ళు పోయాయి."

"దిగను. టికెట్ కొన్నాను."

"అయితే ఆ లైనుకి కూడా ఒకటి కొనవమ్మా," అన్నాడు వెనకసీట్లోంచి ముసలాయన. ఒకప్పుడు ఆ పట్టాలకి బోల్టులు బిగించినవాడే. బస్సంతా నవ్వింది. గేటత్త దిగింది.

శనివారం ఆవిడని దూరం నుంచే చూసి డ్రైవరు స్పీడు పెంచాడు. ఇక ఆదివారం పొద్దున్నే నడక మొదలెట్టింది. లైను ముందుకొచ్చి పడింది. పక్కనుంచి పోబోతే పక్కకొచ్చింది. పొలంలోకి దిగితే పొలంలోకి దిగింది. గేటత్త మూట నేలకేసి కొట్టింది.

"ఏంటే నీ గోల? ఆయన పోతే నేనే రెండ్రోజులేడ్చి ఊరుకున్నాను. నువ్వు నన్ను పట్టుకుని వేలాడతావేం? రేపు పొద్దున్నకి నేనక్కడ లేకపోతే నాకు పనుండదు, తెలుసా?"

బోల్టుల ముసలాయన సైకిలాపాడు. "పాపం నీతో వస్తానంటుంటే దాన్ని ఆపేదీ నువ్వే, తిట్టేదీ నువ్వే. ఇదెక్కడి న్యాయమమ్మా?"

"నేనాపానా?"

"మరి మూట కట్టింది దేంతో?"

గేటత్త చూసుకుంది. ఎర్రజెండా. ఇంట్లో చిరగని గుడ్డ అదొక్కటే అని దాంతోనే కట్టింది, మూడుసార్లూ. నోట్లోకొచ్చిన తిట్టు ఎవర్ని తిట్టాలో తెలీక మింగేసింది. విసురుగా ఇంటికి తిరిగింది. లైను కొంచెం ఎడంగా వెనకాలే వచ్చింది.

పచ్చజెండా కోసం వెతకక్కర్లేదు. గేటు మూసేసిన రోజే, ఇక దీంతో పనేంటని మసిగుడ్డ చేసేసింది. పొయ్యి మీద గిన్నెలు దించేది దాంతోనే. సబ్బేసి రుద్దింది, బండకేసి బాదింది. నల్లటి నీళ్ళు పోయి పోయి, చివరికి ఒక మూల పచ్చదనం తేలింది. ఎర్రజెండాని మడిచి బట్టల మధ్యలో పెట్టి, ఆ తడిగుడ్డతోనే మూట కట్టింది.

గది వెనక కట్టెలు పేర్చుకునే పాత రైలు ట్రాలీ ఉంది. ఆవిడ వచ్చేసరికి లైను దాని చక్రాల కిందికి దూరి, తిన్నగా నిలబడి ఉంది. గేటత్త కట్టెలన్నీ కిందకి తోసి, మూట పెట్టుకుని ఎక్కి కూర్చుంది. మొగుడు రోజూ అన్నట్టే, విసుగ్గా అంది.

"లైన్ క్లియర్."

వెనక పట్టాలు లేచి ముందుకొచ్చి పడుతుంటే ట్రాలీ కదిలింది. రోడ్డు మీద బస్సు ఎదురైంది. కండక్టరు దిగి, అటూ ఇటూ చూసి, ఆవిడ దాటిపోయేదాకా ఆగి, విజిలేశాడు.

సోమవారం పొద్దున్న వార్డెనమ్మ తలుపు తీసింది. "టైముకొచ్చావు. ఆ వెనక అదేంటి?"

"మా లైనండి."

"దానికి వంటొచ్చా?"

"రాదు. మోస్తుంది."

"అయితే బయట గేటు దగ్గర కూరగాయల బస్తాలున్నాయి, తెమ్మను. దారికడ్డంగా మాత్రం పడుకోకూడదు."

"పడుకోదులెండి," అంది గేటత్త. పొయ్యి మీద పెద్ద గిన్నె పొంగుతోంది. గబగబా ఎర్రజెండాని నాలుగు మడతలేసి, దాంతో పట్టుకుని దించింది.