అక్క లేని మెట్లు

మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కోవాలేమో, వెనక వరుసల వాళ్ళు చెవులు రిక్కిస్తున్నారు, లేకపోతే అక్క వచ్చిందని తన గొంతే కిందికి జారిందేమో, ఇన్నేళ్ళుగా ఈ గ్రంథాలయం హాల్లో నెలనెలా పాత కట్టడాల మీద ప్రసంగిస్తుంటే ఒక్కసారీ గడప తొక్కని మనిషి ఇవాళే రావాలా, వచ్చి రెండో వరుస చివర, కాలు చాపుకోవడానికి వీలున్న కుర్చీ చూసుకుని మరీ కూర్చోవాలా, అనుకుంటూనే ఆర్కిటెక్టు బొమ్మ మార్చింది, తెర మీదికి సున్నపు గోడ వచ్చింది, జనం ఆహా అన్నారు, వాళ్ళకేం, ఇక్కడ ఆహా అని ఇంటికెళ్ళి లిఫ్టెక్కుతారు, ఛీ, ఇది తన మాట కాదు, అక్క మాట, పోయినవారం ఫోన్లో అన్నది, అప్పట్నుంచీ బుర్రలో జోరీగలా తిరుగుతోంది.

నీ మెట్లు బహు అందంగా ఉన్నాయే, వచ్చి ఓ నెల్లాళ్ళు ఎక్కి దిగు, ఆ అందమంతా మోకాళ్ళలోకి దిగుతుంది, అని కూడా అంది అక్క, నవ్వుతూనే అంది, ఆ నవ్వుకి ఎక్కడ కరిగిపోతానో అని తను బిర్రబిగుసుకుని, నువ్వు ఇల్లు మారొచ్చక్కా, మెట్లు మారలేవు కదా, అనేసింది, ఎంత మాట, నోరా అది తాటిమట్టా, అవతల అక్క సరేలేవే అని ఫోను పెట్టేసింది, నాలుగు తిట్టినా బాగుండేది, అయినా తప్పేముంది తనన్నదాంట్లో, మూడంతస్తుల భవనం నడిమధ్య ఒక్క స్తంభం ఆసరా లేకుండా గోడ పట్టుకుని మెలితిరుగుతూ పైకి లేచే చెక్క మెట్లు, నగరమంతా జల్లెడపట్టినా ఇంకోచోట లేవు, అందులో ఉంటున్నవాళ్ళు అడిగారని వాటిని కోసి లిఫ్టు దించుతారా, ప్రసంగం కాగానే హాలంతా చేతులెత్తితే చాలు, ముందు వరుసలో కునుకుతో కుస్తీపడుతున్న ఆ అధికారి భవనాన్ని రక్షిత కట్టడాల జాబితాకెక్కిస్తాడు, ఎక్కిందంటే మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి, ఇక లిఫ్టు మాట ఎత్తేవాడుండడు, మెట్లు బతికిపోతాయి, అక్క ఎలాగో సర్దుకుంటుంది, ఎలాగో అంటే ఎలా, బావ పోయాక కూడా ఆ మూడో అంతస్తు వదలనని భీష్మించుకున్న మనిషి, చదువుకునే రోజుల్లో తనుండేదీ ఆ ఇంట్లోనే, డ్రాయింగు గొట్టం మర్చిపోయి వీధి మలుపు దాకా వెళ్ళిపోతే, ఓసి మతిమరుపుదానా ఆగవే అని అరుస్తూ రెండేసి మెట్లు దూకి తెచ్చిచ్చేది అక్క, ఆ కాళ్ళే కదా ఇవి, ఇప్పుడు రెండో వరుసలో చాపుకున్నవి.

బొమ్మ మారింది, ఖాళీ కిటికీ, మళ్ళీ మారింది, ఖాళీ వసారా, కట్టడాన్ని ఫొటో తీసేటప్పుడు మనిషి పడకూడదు, పడితే చూపంతా మనిషి మీదికే పోతుంది, అని విద్యార్థులకు నూరిపోసేది తనే, గుమ్మంలో చెప్పులు, తీగ మీద బట్టలు, చీపురు పట్టుకున్న ఆవిడ, అన్నిటినీ అందరినీ పక్కకి జరిపించి, నడవా నిర్మానుష్యమయ్యేదాకా కొంగలా కాచుకుని అప్పుడు నొక్కుతుంది మీట, అలా తీసిందే ఇదిగో, ఇవాళ్టి అసలు బొమ్మ, మెట్లు, అడుగు నుంచి పైదాకా, ఉదయపు ఎండలో, హాలు ఊపిరి బిగబట్టింది, తనూ బిగబట్టింది, ఎందుకంటే రెండో మలుపులో, కమ్మీ మీద, ఒక చెయ్యి.

లాప్‌టాప్‌లో చూసినప్పుడు ఆనవాలైనా లేదే, ఇక్కడ గోడంత తెర మీద మూరెడు చెయ్యి, ఆ రోజు కూరల సంచీతో ఎక్కుతూ ఆయాసం తీర్చుకుందామని అక్క మలుపులో ఆగింది, అక్కా కాస్త తప్పుకో, ఫొటోలో పడుతున్నావ్, అని కిందనుంచి తను కేకేసింది, అక్క గోడ చాటుకి జరిగింది, చెయ్యి మాత్రం కమ్మీని వదల్లేదు, వదిలితే నిలబడలేదు, వేళ్ళ కణుపులు తెల్లబడేలా పట్టుకుంది, ఎవరిదమ్మా ఆ చెయ్యి, అని వెనకనుంచి కళ్ళజోడు పెద్దావిడ అడుగుతోంది, సున్నం గురించో చెక్క గురించో అడగొచ్చు కదా తల్లీ, అధికారి కూడా కునుకు వదిలి నిటారుగా కూర్చున్నాడు, చూపంతా మనిషి మీదికే పోయింది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అక్క కేసి చూస్తే అక్క తన చేతిని ఒళ్ళో దాచుకుంటోంది, ఇక్కడ కూడా తప్పుకుంటోంది, వద్దక్కా, అది మా అక్క చెయ్యండీ, అంటోంది మైకులో తన గొంతు, చేతులెత్తడం ఇవాళ్టికి వద్దు, మెట్ల జోలికి పోకుండా పెరటి గోడ వెంట లిఫ్టుకి చోటుందేమో ముందు నేనే కొలిచి చూస్తాను, అంటోంది, లేకపోతేనో, లేకపోతే ఏం చేస్తావే అని మనసు పీకుతోంది, తెలియదు, ఆ తెల్లబడ్డ వేళ్ళనే చూస్తూ నిలబడిపోయింది, తప్పుకోమంటే అక్క ఎక్కడికి తప్పుకుంటుంది, అది అక్క ఇల్లు.